పేటెంట్ చట్టం మధ్యలో మారితే పెండింగ్ అప్లికేషన్ సంగతేంటి?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. 2023 నవంబరులో ఇండియాలో పేటెంట్ అప్లికేషన్ వేశారు. దాని ప్రయారిటీతో, అంటే ఆ మొదటి తేదీనే అక్కడా లెక్కలోకి తీసుకోమని కోరుతూ, ఏడాదిలోపు అమెరికాలోనూ వేశారు. 2024లో ఇండియా రూల్స్ మారాయి. ఎగ్జామినేషన్ కోరడానికి, అంటే అప్లికేషన్ పరిశీలించమని అడగడానికి, 31 నెలలే టైమని ఒకరు, కాదు 48 అని ఇంకొకరు చెప్పారు. దాంతో "అసలు చట్టసభ నిర్ణయించేది ఎంత, పేటెంట్ ఆఫీసు నిర్ణయించేది ఎంత? మధ్యలో చట్టం మారితే మాకు పాతది వర్తిస్తుందా, కొత్తదా?" అని అడిగారు.

ముందు మీ టెన్షన్ తీరుస్తాను. మీ అప్లికేషన్ 2024 మార్చి 15 కంటే ముందు దాఖలైంది కాబట్టి మీకు 48 నెలలు. అంతకు ముందు తేదీ ప్రయారిటీ ఏదీ తీసుకోకపోతే 2027 నవంబరు దాకా టైముంది. తీసుకుని ఉంటే ఆ ప్రయారిటీ తేదీ నుంచి లెక్కపెట్టాలి.

ఇక పెద్ద ప్రశ్న. ఏ అప్లికేషన్‌కి ఏ చట్టమో తేల్చేది సవరణలో రాసిన తేదీలు. మామూలుగా అయితే, పేటెంట్ దక్కుతుందా లేదా అనే హక్కుకు సంబంధించిన మార్పు పాత అప్లికేషన్ల జోలికి పోదు. ఎక్కడ, ఏ ఫారంలో, ఎన్నాళ్లలో అనే ప్రొసీజర్ మార్పు పెండింగ్ వాటికీ తగులుతుంది. మామూలుగా అన్నాను గుర్తుపెట్టుకోండి. ఈ రెండిటికీ బోలెడు మినహాయింపులున్నాయి. పద్దెనిమిదేళ్లుగా పేటెంట్ ఏజెంటుగా నేను చేసిన పనిలో సగం ఆ మినహాయింపులు వెతకడమే.

అంకె చట్టంలో ఉందా, రూల్లో ఉందా? పేటెంట్స్ యాక్ట్ 1970లో సెక్షన్ 11బి తెరవండి. ఎగ్జామినేషన్ కోసం నిర్ణీత గడువులోగా రిక్వెస్ట్ పెట్టాలి, పెట్టకపోతే అప్లికేషన్ ఉపసంహరించుకున్నట్టే లెక్క అని ఉంటుంది. ఆ గడువు ఎన్ని నెలలో మాత్రం ఉండదు. శిక్ష చట్టంలో ఉంది, గడువు రూల్ 24బిలో ఉంది. అందుకే పార్లమెంటు గడప తొక్కకుండానే 48 కాస్తా 31 అయింది. సెక్షన్ 159 కేంద్ర ప్రభుత్వానికి రూల్స్ రాసే అధికారం ఇస్తుంది, కాకపోతే ముందు ముసాయిదా ప్రచురించి అభ్యంతరాలు వినాలి. 2024 రూల్స్ ముసాయిదా 2023 ఆగస్టులోనే గెజిట్‌లోకి వచ్చింది. అప్పుడు చదివినవాళ్లు సర్దుకోవడానికి ఆరు నెలలకు పైగా దొరికింది. చదవనివాళ్లు మార్చిలో ఉలిక్కిపడ్డారు.

మరికొన్ని అంకెలు చట్టంలోనే నాటుకుని ఉన్నాయి. పేటెంట్ కాలం 20 ఏళ్లు, గ్రాంట్ అయినట్టు ప్రచురించాక ఏడాదిలోగా వ్యతిరేకించే హక్కు, ఇండియాలో ఉండేవాళ్లు ముందస్తు అనుమతి లేకుండా విదేశంలో వేయాలంటే ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగాలన్న సెక్షన్ 39. వీటిని ప్రభుత్వం రూల్స్‌తో కదపడానికి వీల్లేదు, పేటెంట్ ఆఫీసు అధికారి అయిన కంట్రోలర్‌ను ఎంత బతిమాలినా సడలించలేరు. క్లయింటు "కొంచెం ఎక్స్‌టెన్షన్ దొరకదా అండీ" అని అడిగినప్పుడల్లా నేను మొదట చూసేది ఆ అంకె ఎక్కడుందనే. రూల్లో ఉంటే ఏదో ఒక దారి ఉండొచ్చు. చట్టంలో ఉంటే, ఆ సెక్షనే దారి ఇవ్వనప్పుడు, ఇక ఆశ వదులుకోవడమే.

31 నెలల మార్పులో చాలామంది గమనించని విషయం ఇంకోటుంది. పీసీటీ, అంటే ఒకే అంతర్జాతీయ అప్లికేషన్‌తో పలు దేశాలకు వెళ్లే ఒప్పందం, ద్వారా ఇండియాలోకి రావడానికి కూడా గడువు ప్రయారిటీ తేదీ నుంచి 31 నెలలే. ఇదివరకు అలా ఇండియాలోకి (దీన్నే నేషనల్ ఫేజ్ అంటారు) వచ్చి, ఇంకో ఏడాదిన్నర మార్కెట్ చూసుకుని, అప్పుడు ఎగ్జామినేషన్ ఫీజు కట్టేవాళ్లు. కొత్త రూలు కిందికొచ్చే అప్లికేషన్లకు ఆ వెసులుబాటు పోయింది. చివరి రోజు దాకా ఆగినవాళ్లు రెండు పనులూ అదే రోజు చేయాలి. రూల్లో మారింది ఒక్క అంకే, కానీ విదేశీ కంపెనీలు బడ్జెట్ వేసుకునే పద్ధతే మారిపోయింది.

రూల్స్ రాసేవాళ్లకూ హద్దుంది. దీనికి నేను జూనియర్లకు చెప్పే ఉదాహరణ అమెరికాది. 2007 ఆగస్టులో అక్కడి పేటెంట్ ఆఫీసు కొత్త రూల్స్ ప్రకటించింది. ప్రత్యేకంగా కారణం చూపకుండా రెండు కంటిన్యుయేషన్లకు (పాత అప్లికేషన్ తేదీతోనే అదే ఆవిష్కరణ మీద మళ్లీ వేసే అప్లికేషన్లు) మించి వేయకూడదు, క్లెయిములు, అంటే ఏ మేరకు హక్కు కోరుతున్నామో చెప్పే వాక్యాల్లో, ఇంకో క్లెయిము మీద ఆధారపడని స్వతంత్ర క్లెయిములు ఐదు లేదా మొత్తం 25 క్లెయిములు దాటితే అదనపు పత్రం ఇవ్వాలి. ఆఫీసు బాధ ఆఫీసుది, పెండింగ్ కుప్పలు పెరిగిపోతున్నాయి. నవంబరు 1 నుంచి అమలు కావాల్సింది. సరిగ్గా ముందు రోజు, అక్టోబరు 31న, ఫెడరల్ జిల్లా కోర్టు ఆపేసింది. చట్టసభ ఇచ్చిన హక్కును ప్రొసీజర్ పేరుతో ఆఫీసు కత్తిరించకూడదన్నది వాదన సారం. 2009లో ఆఫీసే ఆ రూల్స్ వెనక్కి తీసుకుంది. ఏదైనా కొత్త రూలు చూసి బెంగపడే ముందు, ఆ రూలుకు తల్లి సెక్షన్, అంటే అది రాసే అధికారం ఇచ్చిన సెక్షన్, ఏదో చూడండి.

చట్టం, రూల్స్ తర్వాత మూడో అంతస్తు పేటెంట్ ఆఫీసు గైడ్‌లైన్స్. వాటికి చట్టబలం లేదు, కానీ ఎగ్జామినర్ టేబుల్ మీద ఉండేది అవే. సెక్షన్ 3(కె) ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ దానంతట అదిగా పేటెంట్‌కు అర్హం కాదు. ఈ మాట 2002 సవరణతో వచ్చింది. 2004 డిసెంబరు ఆర్డినెన్స్‌లో పరిశ్రమలో సాంకేతిక వినియోగం ఉంటే, హార్డ్‌వేర్‌తో కలిస్తే ఫరవాలేదన్నట్టు సడలించారు. 2005లో పార్లమెంటు ఆ సడలింపును తీసేసి పాత మాటనే ఉంచింది. అప్పటినుంచి ఆ సెక్షన్లో ఒక్క అక్షరం మారలేదు. గైడ్‌లైన్స్ మాత్రం 2015 ఆగస్టులో వచ్చాయి, డిసెంబరులో పక్కన పెట్టారు. 2016 ఫిబ్రవరిలో కొత్తవి వచ్చి, కొత్త హార్డ్‌వేర్ ఉంటేనే అన్నాయి. 2017 జూన్‌లో ఆ షరతు ఎత్తేశారు. 2016లో నేను రాసిన జవాబులు ఇప్పుడు తీసి చూస్తే నవ్వొస్తుంది. ప్రతి క్లెయిములో ఎక్కడో ఒకచోట ప్రాసెసర్‌నో సెన్సర్‌నో బలవంతంగా ఇరికించాను. ఏడాది తిరగ్గానే వాటిలో సగం అనవసరమైపోయాయి, కానీ క్లెయిములు అప్పటికే కుంచించుకుపోయాయి. అప్పటినుంచి స్పెసిఫికేషన్ (ఆవిష్కరణను వివరించే పత్రం) చట్టాన్ని చూసి రాస్తాను, హియరింగ్‌కి మాత్రం గైడ్‌లైన్ చూసుకుని వెళ్తాను.

ఇక తేదీల గొడవకొద్దాం. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు.

మామూలుగా హక్కు విషయంలో కొత్త చట్టం పాతవాటి జోలికి పోదన్నాను కదా. దానికి అతి పెద్ద మినహాయింపు ఇండియాలోనే ఉంది. 1970 చట్టం మందులకూ ఆహార పదార్థాలకూ తయారీ పద్ధతి మీద మాత్రమే పేటెంట్ ఇచ్చేది, పదార్థం మీద ఇచ్చేది కాదు. ఆ పద్ధతి పేటెంట్‌కైనా గ్రాంట్ నుంచి ఐదేళ్లు, లేదా పేటెంట్ తేదీ నుంచి ఏడేళ్లు, ఏది తక్కువైతే అదే. ప్రపంచ వాణిజ్య సంస్థ మేధోసంపత్తి ఒప్పందం ట్రిప్స్‌తో 1995 నుంచి పరిస్థితి మారింది. 2005 వరకు మందుల పేటెంట్ ఇవ్వక్కర్లేదు గానీ, అప్లికేషన్లు మాత్రం తీసుకుని పెట్టాలి. దీన్నే మెయిల్‌బాక్స్ అంటారు. 1998లో నోవార్టిస్ కంపెనీ ఇమాటినిబ్ మెసిలేట్ అనే క్యాన్సర్ మందు బీటా స్ఫటిక రూపం మీద వేసిన అప్లికేషన్ ఆ పెట్టెలోనే ఏళ్లపాటు ఉంది. పెట్టె తెరిచేసరికి 2005 సవరణ వచ్చింది, దాంతోపాటు ఇప్పటి రూపంలో సెక్షన్ 3(డి) వచ్చింది: తెలిసిన పదార్థపు కొత్త రూపం అయితే, దాని ఎఫికసీ (పనితనం) పెరిగిందని చూపాలి. 1998 నాటి అప్లికేషన్‌ను 2005 నాటి కొలబద్దతో కొలిచారు. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తీర్పులో మందు విషయంలో ఎఫికసీ అంటే జబ్బును తగ్గించే గుణమే అని చెప్పింది. శరీరంలోకి ఎక్కే శాతం 30 పెరిగిందన్న వాదన, దానివల్ల చికిత్సలో మేలు జరిగిందని రుజువు లేనందున, నిలబడలేదు.

గమనించాల్సింది ఏంటంటే, ఎఫికసీ అంటే ఏంటో చట్టసభ ఎక్కడా నిర్వచించలేదు. ఒక్క మాట రాసి వదిలేసింది. ఆ ఒక్క మాట మీద ఎనిమిదేళ్లు కొట్లాట. చట్టసభ మాట వదులుతుంది, దానికి అర్థం చెప్పేది కోర్టు. ఆ అర్థం నచ్చకపోతే చట్టసభ మళ్లీ కలం పడుతుంది. 1984 ఏప్రిల్‌లో అమెరికా కోర్టు ఒకటి, పేటెంట్ కాలం తీరకముందు అనుమతి కోసం జెనరిక్ మందును పరీక్షించడం కూడా ఉల్లంఘనే అని తీర్పిచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో చట్టసభ ఆ తీర్పును తిప్పేస్తూ చట్టం చేసింది. ఐదు నెలలు! జెనరిక్ కంపెనీలకు ఆ మినహాయింపు మన చట్టంలోనూ సెక్షన్ 107ఎగా ఉంది.

కాలపరిమితి మార్పులో మాత్రం చట్టసభలు సాధారణంగా ఉదారంగా ఉంటాయి. 2003 మే 20న 2002 సవరణ అమల్లోకి వచ్చినప్పుడు, ఆ రోజుకు బతికి ఉన్న పేటెంట్లన్నిటికీ ఫైలింగ్ నుంచి 20 ఏళ్లు వచ్చాయి. ముందు రోజు గడువు తీరినవాటికి ఏమీ లేదు. అమెరికా ఇంకో దారి పట్టింది. గ్రాంట్ నుంచి 17 ఏళ్లు అనే లెక్కను ఫైలింగ్ నుంచి 20 ఏళ్లుగా మార్చినప్పుడు, 1995 జూన్ 8కి ముందు వేసినవాళ్లకు రెండిటిలో ఏది ఎక్కువైతే అది ఇచ్చింది. దాంతో ఆ తేదీకి ముందు అప్లికేషన్లు వెల్లువెత్తాయి. గ్రాంట్ నుంచి లెక్క ఉన్నప్పుడు అప్లికేషన్‌ను కావాలని ఏళ్ల తరబడి సాగదీసి, ఆ పరిశ్రమ పెరిగాక పేటెంట్ పైకి తేలడం ఒక వ్యాపారమే అయిపోయింది. ఆ లెక్క మార్చగానే దాని వేరు తెగింది. లెక్క ఏ రోజు నుంచి మొదలవుతుందన్న చిన్న మాటకు అంత బలం.

ఇప్పుడు నా అనుభవంలో బాగా బాధపెట్టిన కేసు. అమెరికా పేటెంట్ చట్టానికి పెద్ద సవరణ 2011 సెప్టెంబరు 16న సంతకం అయింది, కానీ పేటెంట్ ముందు కనిపెట్టినవాడికా, ముందు ఫైల్ చేసినవాడికా అన్న అసలు మార్పు 2013 మార్చి 16 నుంచి. ఒక కంపెనీ 2013 ఫిబ్రవరిలో ఇండియాలో వేసి, 2014 ఫిబ్రవరిలో అమెరికాలో వేసింది. మధ్యలో ఇంజనీర్లు ఇంకో ఫీచర్ చేశారు. అమెరికా అప్లికేషన్ వేసేటప్పుడు దాని మీద ఒక క్లెయిము కలిపారు. ఎవరికీ తప్పనిపించలేదు. తర్వాత ఎగ్జామినర్ వేరేవాళ్లు 2012 నవంబరులో అమెరికాలో వేసిన అప్లికేషన్‌ను అడ్డం చూపాడు.

కంపెనీ దగ్గర బైండు చేసిన ల్యాబ్ నోట్‌బుక్ ఉంది. 2012 ఆగస్టు పేజీలు, ప్రతి పేజీకీ తేదీ, సాక్షి సంతకం. పాత చట్టం కింద అయితే ఆ పేజీలు చూపించి, మేం అంతకంటే ముందే చేశాం అని ఆ అడ్డును తొలగించే దారి ఉండేది. కొత్త చట్టం కింద ఆ దారి లేదు. వాళ్లది పాత చట్టమే కదా, ప్రయారిటీ ఫిబ్రవరిది కదా అనుకుని నా దగ్గరికొచ్చారు. నేను పేజీలు తిరగేస్తుంటే కొత్త ఫీచర్ మీద కలిపిన ఆ క్లెయిము, పంతొమ్మిదోది, కనపడింది. 2013 మార్చి 16న గానీ ఆ తర్వాత గానీ ఫైలింగ్ తేదీ పడే క్లెయిము అప్లికేషన్‌లో ఎప్పుడైనా ఒక్కసారి ఉంటే చాలు, మొత్తం అప్లికేషన్ కొత్త చట్టం కిందికి పోతుంది. ఆ క్లెయిము కొట్టేసినా వెనక్కి రాదు. నోట్‌బుక్ ఎంత పద్ధతిగా రాసినా ఎందుకూ పనికి రాలేదు. చివరికి క్లెయిములు బాగా కుదించుకుని బయటపడ్డారు. చేయాల్సింది తేలికే: పాత విషయం ఒక అప్లికేషన్, కొత్త ఫీచర్ ఇంకో అప్లికేషన్. ఫీజు ఇంకొంచెం అయ్యేది, అంతే.

అదే చట్టంలో ప్రొసీజర్ భాగం ఎలా నడిచిందో చూడండి. ఇంటర్ పార్టీస్ రివ్యూ, అంటే కోర్టుకు పోకుండా ఆఫీసులోనే పేటెంట్‌ను సవాలు చేసే పద్ధతి, 2012 సెప్టెంబరు 16 నుంచి మొదలైంది. అది పాత పేటెంట్లకూ వర్తించింది. చట్టం రాకముందు గ్రాంట్ అయి నిశ్చింతగా ఉన్న పేటెంట్లు కూడా అక్కడికి ఈడ్వబడ్డాయి. అసలు ఈ రివ్యూ పద్ధతే చెల్లదని 2018లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, కోర్టు చెల్లుతుందంది. ఆఫీసులోనే సవాలు చేసే ఇంకో పద్ధతి, పోస్ట్ గ్రాంట్ రివ్యూ, మాత్రం కొత్త చట్టం కింద వచ్చిన పేటెంట్లకే. ఒకే చట్టం, రెండు రివ్యూలు, రెండు తేదీలు. ఇండియాలోనూ ఇలాంటిదే: 2007లో హైకోర్టుల్లోని పేటెంట్ అప్పీళ్లను ట్రిబ్యునల్‌కు తరలించారు, 2021లో ట్రిబ్యునల్‌నే రద్దు చేసి తిరిగి హైకోర్టులకు పంపారు. నా ఫైళ్లు కొన్ని అలా బదిలీ ఉద్యోగుల్లా తిరిగాయి.

చట్టసభలు అన్నీ ఆలోచించే రాస్తాయని కూడా అనుకోకండి. 2011 అమెరికా చట్టంలో ఒక వింత ఉంది. ఆవిష్కరణను అమలుచేయడానికి మీకు తెలిసిన ఉత్తమ పద్ధతి స్పెసిఫికేషన్‌లో చెప్పాలన్న నియమం అలాగే ఉంది. చెప్పలేదన్న కారణంతో పేటెంట్ రద్దు చేయకూడదని మాత్రం ఇంకో సెక్షన్‌లో రాశారు. చెప్పాలి, చెప్పకపోయినా ఏమీ కాదు! అయినా నేను చెప్పమనే అంటాను. మన సెక్షన్ 10 అదే అడుగుతుంది, ఇక్కడ దాచితే పేటెంట్ రద్దుకు కారణం అవుతుంది. ఒకే స్పెసిఫికేషన్ రెండు దేశాలకు పోయేటప్పుడు కఠినంగా ఉన్న చట్టాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

సవరణ చట్టం చేతికొస్తే నేను మధ్య పేజీలు తర్వాత చదువుతాను. మొదటి సెక్షన్‌లో అమలు తేదీ ఎలా రాశారో చూస్తాను. ప్రభుత్వం నోటిఫై చేసిన రోజు నుంచి అని, వేర్వేరు సెక్షన్లకు వేర్వేరు తేదీలు ఉండొచ్చని రాస్తే జాగ్రత్త పడాలి. 2002 సవరణ పాసయ్యాక దాదాపు ఏడాదికి గానీ అమల్లోకి రాలేదు. 2023 ఆగస్టులో వచ్చిన జన్ విశ్వాస్ చట్టంలో పేటెంట్ జరిమానాల భాగం 2024 ఆగస్టు 1 నుంచి అమలైంది. తర్వాత చివరి సెక్షన్లు చూస్తాను, పెండింగ్ కేసుల గురించి ఏమన్నారో అక్కడే ఉంటుంది. రూల్స్ అయితే ప్రతి రూలు కింద "అయితే" అంటూ మొదలయ్యే ప్రొవైసో చదవాలి. మీ 48 నెలలు దాక్కున్నది సరిగ్గా అలాంటి ప్రొవైసోలోనే. మిమ్మల్ని 31 అని భయపెట్టిన వ్యక్తి పై లైను చదివి ఆపేసి ఉంటారు.

మీ విషయంలో ఒక్క మాట మిగిలింది, ఇది మీరు అడగలేదు. అదే 2024 సవరణ మీకు ఒకచోట పాత గడువు ఉంచింది, ఇంకోచోట కొత్తది తెచ్చింది. విదేశీ అప్లికేషన్ల వివరాలిచ్చే ఫారం 3 సంగతి. ఇదివరకు ప్రతి విదేశీ ఫైలింగ్ తర్వాత ఆరు నెలల్లో అప్‌డేట్ చేసేవాళ్లం. ఇప్పుడు ఫస్ట్ ఎగ్జామినేషన్ రిపోర్ట్ (పేటెంట్ ఆఫీసు మొదటి అభ్యంతరాల పత్రం) వచ్చిన మూడు నెలల్లోపు ఇవ్వాలి. మీకు ఆ రిపోర్ట్ ఇంకా రాలేదు, కాబట్టి వచ్చినప్పుడు మీకు ఈ కొత్త లెక్కే. మీ అమెరికా అప్లికేషన్ అందులో రావాలి. రిపోర్ట్‌కు జవాబివ్వడానికేమో ఆరు నెలలు. రెండూ ఒకటే అనుకుని, జవాబుతో పాటు ఫారం 3 పెడదాంలే అని ఐదో నెలలో నాకు ఫోన్ చేసినవాళ్లు ఈమధ్య ఇద్దరున్నారు. రిపోర్ట్ మెయిల్ వచ్చిన రోజే క్యాలెండర్‌లో రెండు తేదీలూ వేసుకోండి, మూడు నెలలది ఎర్ర ఇంకుతో.